పాషాణం మందు

మా ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళు రూతక్క పేరు చెబితే కాస్త జంకుతారు. నరసాపురంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇళ్ళ దగ్గర కూర్చుని అల్లిన లేసు చాలావరకు ఆమె పనిచేసే షెడ్డుకి చేరుతుంది. ఒక్కో ముక్కనీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అల్లిక ఎక్కడ తప్పిందో చూసి, బాగాలేనిదాన్ని వెనక్కి పంపడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల దగ్గర కూర్చుంటోంది. తప్పు కనబడితే అది ఎవరిదని చూడదు. పాస్టరుగారి భార్య అల్లిన బల్లగుడ్డని కూడా "ఈ మూల విప్పి మళ్ళీ అల్లండి" అని తిప్పి పంపిందని చెప్పుకుంటారు.

ఆమె ఇల్లు మా ఇంటికి మూడో ఇల్లు. నేను లూథరన్ బడిలో టీచర్ని. ఇద్దరం ఒకే చర్చికి వెళ్తాం. కిందటేడు ఆమె తమ్ముడికి వచ్చిన జబ్బు సంగతి కొంత నేను కళ్ళారా చూశాను. మిగతాదంతా ఆమే, తమ్ముడే, పలు దఫాలుగా చెప్పారు.

తమ్ముడి పేరు విజయ్ పాల్. తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు, రూతక్కకి ఇరవై. ఆమె పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తండ్రి కోతలకీ నాట్లకీ ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి. రూతక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని తన అత్తారింటికి తీసుకొచ్చేసింది. ఆమె భర్త సుధాకర్ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ, నెమ్మదస్తుడు. మనతోపాటు వాడూ తింటాడు, దానికేముంది అన్నాడట. ఆ మాట తప్ప ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ విషయం మీద ఆయన ఇంకో మాట అన్నది ఎవరూ వినలేదు.

రూతక్క తమ్ముడికి ఏ లోటూ రానివ్వలేదు. కానీ నోరు మాత్రం షెడ్డులో ఎలాగో ఇంట్లోనూ అలాగే. చొక్కా గుండీ ఊడినా, లెక్కల్లో మార్కులు తగ్గినా, రేవులో ఈతకి పోయినా వీధంతా వినబడేలా తిట్టేది. అతను తలొంచుకుని అంతా విని, మర్నాడు మళ్ళీ రేవుకే పోయేవాడు. చివరికి ఆ రేవే అతనికి అన్నం పెట్టింది. నరసాపురం నుంచి గోదావరి అవతల సఖినేటిపల్లికి మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కార్లనీ దాటించే పంటు మీద మొదట తాడు విసిరే పనికి చేరాడు. ఆ తర్వాత దాన్ని నడిపే సరంగు అయ్యాడు. రూతక్క షెడ్డులోనే లేసు ఉతికి ఇస్త్రీ చేసే ప్రిస్కిల్లాని పెళ్ళి చేసుకుని, అక్క ఇంటి వెనక వీధిలో కాపురం పెట్టాడు. కిందటేడు జూన్ నాటికి అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళు ఎదురుచూశాక ప్రిస్కిల్లా కడుపుతో ఉంది. ఆరో నెల నడుస్తోంది.

ఆ జూన్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం అచ్చిబాబు షెడ్డు గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడ్డాడు. అచ్చిబాబు పంటు మీద టిక్కెట్లు ఇచ్చే మనిషి. సఖినేటిపల్లిలో రైతు కుటుంబం వాళ్ళది. విజయ్ పాల్‌కి పదిహేనేళ్ళుగా స్నేహితుడు. చెప్పులు విప్పి లోపలికి రాకుండా, అక్కగారండి, ఒక్కసారి బయటికి రండి అన్నాడు. అతని చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"విజయ్‌ది రక్తం రిపోర్టండి ఇది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుందని పళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళితే, ఆయన పన్ను ముట్టుకోనన్నారు. ముందు రక్తం చూపించుకు రమ్మన్నారు. ఇందాక ల్యాబువాళ్ళు ఫోన్ చేసి, ఇవాళే పెద్దాసుపత్రికి పొమ్మని చెప్పారండి."

"వాడేడి?"

"రేవులో కూర్చున్నాడండి. మీకు చెప్పొద్దన్నాడు."

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"ఇరవై రోజులైందండి. ఒంటి మీద కమిలిన మచ్చలు కూడా ఉన్నాయి. అడిగితే తాడు తగిలిందంటాడు. మీరు తిడతారని భయమండి వాడికి."

రూతక్క చేతిలో ఉన్న లేసు ముక్కని బల్ల మీద పెట్టడం కూడా మరిచిపోయి, దానితోనే రేవు దాకా నడిచింది. టిక్కెట్ల గది నీడలో విజయ్ పాల్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అక్కని చూడగానే లేవబోయాడు. ఏం లేదక్కా, నీరసం అంతే అన్నాడు. ఆమె పక్కన కూర్చుని అతని చొక్కా చెయ్యి పైకి మడిచి చూసింది. మోచేతి పైన అరచెయ్యంత ముదురు నీలం మచ్చ ఉంది. పక్కనే గుండుసూది మొనలంత ఎర్రటి చుక్కలు చాలా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా దారంలో పొరపాట్లు పట్టుకున్న కళ్ళు, ఎదురుగా రోజూ తిరిగే తమ్ముడి ఒంటి మీద ఇంత పెద్ద మచ్చని చూడలేదు. ఆమె తిట్టలేదు. నొప్పిగా ఉందా అని మాత్రం అడిగింది.

"అక్క తిట్టకపోయేసరికి నాకు చెమటలు పట్టేశాయండి. అయిపోయింది నా పని, ఇంక బతకను అనుకున్నాను" అని విజయ్ పాల్ ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతాడు.

ప్రిస్కిల్లాకి ఏవో చిన్న పరీక్షలని చెప్పి, గంటలో కారు మాట్లాడుకుని బయల్దేరారు. రాజమండ్రి శివార్లలో కేన్సరు వైద్యం చేసే పెద్ద ఆసుపత్రి ఒకటి ఉంది. అక్కడికి చేరేసరికి సాయంత్రం ఐదయింది. రక్తం జబ్బులు చూసే డాక్టరు హారతి అనే ఆవిడ. వయసు ముప్పై అయిదు దాటదు. రిపోర్టు చూడగానే కుర్చీలోంచి లేచి, రక్తం చుక్కని మైక్రోస్కోపు కింద తనే చూసి వచ్చింది. ఆ పూటే తుంటి ఎముకలోంచి మూలుగు తీసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం రాకముందే రెండు మాత్రలు మింగించారు. ఇది ఫలితం వచ్చే దాకా ఆగే జబ్బు కాదని చెప్పారు.

మర్నాడు ఉదయం హారతి గారు అక్కనీ తమ్ముణ్ణీ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. దాచకుండా చెప్పారని రూతక్క ఆవిణ్ణి ఇప్పటికీ మెచ్చుకుంటుంది.

"ఇది రక్త కేన్సరండి. భయపడతారని తెలుసు, కానీ మొత్తం వినండి. ఇందులో చాలా రకాలున్నాయి. మీకు వచ్చిన రకంలో మొదటి నెల చాలా ప్రమాదం. రక్తం గడ్డకట్టదు కాబట్టి ఎక్కడైనా కారిపోవచ్చు, తలలో కూడా. ఆ నెల దాటించగలిగితే మాత్రం, ఎక్కువమందికి పూర్తిగా నయమైపోతుంది. రక్త కేన్సర్లలో ఇంత బాగా లొంగే రకాలు తక్కువ."

రక్తంలో కణాలు ఎదగకుండా పసికణాలుగానే ఉండిపోయి పోగుపడటం ఈ జబ్బు లక్షణమనీ, రెండు మందులు కలిపి ఇస్తే అవి మళ్ళీ ఎదుగుతాయనీ వివరించారు. ఒకటి విటమిన్ ఎ లాంటి మాత్ర. రెండోది రోజూ రెండు గంటల పాటు సెలైనులో ఎక్కించే ఆర్సెనిక్.

ఆర్సెనిక్ అంటే ఏంటండి అని రూతక్క అడిగింది. హారతి గారు, తెలుగులో పాషాణం అంటారండి అన్నారు.

"ఎలకలకి పెట్టేదా అండి?"

"ఆ జాతిదేనండి. కానీ ఎంత ఇవ్వాలో మాకు తెలుసు. రెండు రోజులకోసారి గుండెకి ఈసీజీ తీస్తాం, రక్తం చూస్తాం. చూసుకుంటూనే ఇస్తాం."

 చిన్నప్పుడు తమ ఊళ్ళో ఎవరో పాషాణం తిని చచ్చిపోతే ఆ ఇంటి ముందు నుంచి నడవడానికి కూడా భయపడిన రోజులు రూతక్కకి గుర్తున్నాయి. సంతకం పెట్టమని కాగితం ఇస్తే కలం పట్టుకుని కూర్చుండిపోయింది. అప్పుడు మంచం మీద నుంచి విజయ్ పాల్ అన్నాడు: "ఎక్కించెయ్యండి డాక్టరుగారూ. మా అక్క తిట్లకే తట్టుకున్నాను. పాషాణం ఏపాటిదండి."

హారతి గారు నవ్వు ఆపుకోలేకపోయారు. రూతక్క సంతకం పెట్టింది.

అలా ఆసుపత్రి కాపురం మొదలైంది. షెడ్డుకి సెలవు చెప్పింది. ఇంట్లో వంట సుధాకర్ చూసుకుంటానన్నాడు. ఆయన అంతకుముందు ఎన్నడూ పొయ్యి దగ్గరికి వెళ్ళిన మనిషి కాదు. మొదటి వారం పక్కింటివాళ్ళ కూరలతోనే గడిచింది. వైద్యం ఖర్చు ప్రభుత్వ కార్డు మీద చాలావరకు జరిగిపోయింది. రూతక్కకి ఆ దిగులు లేకపోయినా మిగతావన్నీ ఉన్నాయి. గట్టి బ్రష్షుతో పళ్ళు తోమకూడదు, బ్లేడుతో గడ్డం గీసుకోకూడదు, పచ్చిది ఏదీ తినకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు. నర్సులు ఒకసారి చెప్పినవన్నీ ఆమె స్కూలు నోటు పుస్తకంలో రాసుకుంది. ఎన్నిసార్లు నీళ్ళు తాగాడు, ఎంత ఒంటేలు పోశాడు, జ్వరం ఎంత, బరువు ఎంత అని రోజూ రాసేది. పొద్దున్నే తమ్ముణ్ణి కాళ్ళ నుంచి మెడ దాకా ఒక్కో అంగుళం పరిశీలించి కొత్త మచ్చలు లెక్కపెట్టేది. విజయ్ పాల్ విసుక్కునేవాడు. నన్ను లేసు ముక్కలా తిప్పుతోందండి అని నర్సు ఆశాజ్యోతితో మొరపెట్టుకున్నాడు. మొదట్లో ఆశాజ్యోతికి కూడా ఆమె అంటే చిరాకే. సెలైను సీసా మార్చిన ప్రతిసారీ దాని మీద పేరూ మోతాదూ చదివి వినిపించమనేది మరి.

జబ్బు సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. రక్తంలో ఏదో ఇన్ఫెక్షన్ అని చర్చిలో చెప్పించింది. మేమందరం ఆ ఇన్ఫెక్షన్ తగ్గాలనే ప్రార్థన చేశాం. అచ్చిబాబుకి మాత్రం అంతా తెలుసు. ఎందుకంటే విజయ్ పాల్‌కి దాదాపు రోజూ ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, వాటికి మనుషులు కావాలి. అదే వారం భద్రాచలం వైపు నుంచి వరద వచ్చి గోదావరి ఎర్రగా పొంగింది. పంటు ఆపేశారు. అంటే తాళ్ళు విసిరేవాళ్ళూ, ఇంజను చూసేవాళ్ళూ, రేవులో టీ అమ్మే చిట్టియ్యతో సహా అందరూ ఖాళీ. అచ్చిబాబు రోజుకి ఇద్దర్ని వెంటబెట్టుకుని బస్సులో రాజమండ్రి వచ్చేవాడు. అవతలి ఒడ్డు వాళ్ళు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చి కలిసేవారు.

మొదటి రోజు అచ్చిబాబు తనే ముందు చెయ్యి చాపి పడుకున్నాడు. పరీక్ష చేసి, మీ చేతి నరాలు సన్నంగా ఉన్నాయండి, ఈ మిషనుకి పనికిరావు అని లేపేశారు. అతనికి అది పెద్ద అవమానమైపోయింది. బయట బెంచీ మీద ముఖం తిప్పుకుని కూర్చుంటే రూతక్క వెళ్ళి ఇడ్లీ పొట్లం చేతిలో పెట్టిందట. "నువ్వు తెచ్చినవాళ్ళందరి రక్తం నీదే అనుకో" అందట. పంటు మళ్ళీ తిరిగే దాకా అతను పద్దెనిమిది మందిని తీసుకొచ్చాడు. వాళ్ళలో సగం మందిని విజయ్ పాల్ అవతలి ఒడ్డుకి దాటించాడే తప్ప ఎప్పుడూ పలకరించి కూడా ఎరగడు.

ప్రిస్కిల్లాకి ఫోన్లో రోజూ ఒకే మాట చెప్పేది రూతక్క. బాగానే ఉన్నాడు, రెండు రోజుల్లో వచ్చేస్తాం. కడుపుతో ఉన్న పిల్ల, కేన్సరు అన్న మాట వింటే ఏమవుతుందోనని ఆమె భయం. తొమ్మిదో రోజు పదకొండు గంటలకి, సుధాకర్ తోడు రాగా ప్రిస్కిల్లా వార్డు గుమ్మంలో నిలబడింది. మాస్కు కట్టుకుని నేరుగా భర్త దగ్గరికి వెళ్ళి, కాసేపు అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత రూతక్కని వరండాలోకి పిలిచింది.

"వదినా, బయట బోర్డు మీద ఇది ఏ ఆసుపత్రో పెద్దక్షరాలతో రాసుంది. నాకు చదువొచ్చు."

రూతక్క ఏదో సర్దిచెప్పబోయింది.

"నాకు అబద్ధం చెప్పొద్దండి. మీరు అబద్ధం చెబుతుంటే గొంతు మెత్తగా అయిపోతుంది. ఈ తొమ్మిది రోజులూ ఫోన్లో ఆ మెత్తని గొంతు వినే నేను చచ్చేంత భయపడ్డాను."

అప్పుడు రూతక్క వరండాలో బెంచీ మీద కూర్చుని అంతా చెప్పింది. పాషాణం సంగతి కూడా దాచలేదు. చెబుతూ చెబుతూ, ఇన్ని రోజుల్లో మొదటిసారి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఓదార్చింది ప్రిస్కిల్లాయే. ఆ సాయంత్రం బస్సెక్కే ముందు ఆ పిల్ల ఒక్కటే అడిగింది, ఏ రోజుది ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పమని. ఆ రోజు నుంచి రూతక్క నోటు పుస్తకంలో అంకెలన్నీ ఆమెకి ఫోన్లో చదివి వినిపించేది.

పదమూడో రోజున జరిగిందే అసలు గండం. పొద్దున బరువు తూస్తే ముందు రోజు కంటే కిలోన్నర ఎక్కువ వచ్చింది. రూతక్క వెనక్కి లెక్క చూసుకుంటే నాలుగు రోజుల్లో మొత్తం అయిదు కిలోలు పెరిగాడు. తిన్నది చూస్తే రోజుకి రెండు ఇడ్లీలూ పిడికెడు అన్నమూ. మిషనులో తేడా ఉందేమోనని తను ఎక్కి చూసుకుంది. తన బరువు మామూలుగానే ఉంది. మధ్యాహ్నం మూడింటికి విజయ్ పాల్ పడుకోకుండా దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పడుకోరా అంటే, నిద్ర రావడం లేదన్నాడు. ఆమె అతని కాళ్ళ దగ్గర కూర్చుని చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడి, అలాగే ఉండిపోయింది.

ఒరే, ఊపిరి ఆడుతోందా అని అడిగింది. ఆడుతోంది అన్నాడు. అన్న మాట రెండు ముక్కలుగా వచ్చింది.

"నిన్నటినుంచి పడుకుంటే ఆయాసం వస్తోందక్కా" అని అప్పుడు ఒప్పుకున్నాడు. "నువ్వు మళ్ళీ కంగారు పడతావని చెప్పలేదు."

ముప్పై ఏళ్ళ తిట్ల అలవాటు నాలుక చివర దాకా వచ్చింది. కానీ ఆమె అతని తల నిమిరింది. ఇకమీదట నీకు ఒంట్లో చీమ కుట్టినా నాకు చెప్పు, నేను తిట్టను, ఒట్టు అంది. లేచి నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళింది. డ్యూటీలో ఆశాజ్యోతి ఉంది. డాక్టరుగారు ఓపీలో ఉన్నారు, సాయంత్రం రౌండుకి వచ్చినప్పుడు చెబుదాం అంది. రూతక్క నోటు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. వేలు పెట్టి చూపించింది. నాలుగు రోజులు, అయిదు కిలోలు, కాళ్ళ వాపు, పడుకుంటే ఆయాసం.

"నేను చదువుకున్నదాన్ని కాదమ్మా. కానీ ఇది సాయంత్రం దాకా ఆగేది కాదు. మీరు ఫోన్ చెయ్యకపోతే నేనే ఓపీకి వెళ్ళి తలుపు కొడతాను."

ఆశాజ్యోతి ఆ అంకెలు చూసి వెంటనే ఫోన్ తీసింది. హారతి గారు పది నిమిషాల్లో వచ్చారు. గుండెల మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు, ఎక్స్‌రే తీయించారు. ఎదిగిన కణాలు ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లోకీ ఒంట్లోకీ చేరి నీరు పట్టించడం ఈ వైద్యంలో కొందరికి జరుగుతుందనీ, త్వరగా గుర్తిస్తే మందు ఉందనీ, ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుందనీ చెప్పారు. వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు, ఆక్సిజన్ పెట్టారు. పాషాణం తాత్కాలికంగా ఆపేశారు.

రెండు రోజులు రూతక్కకి అలా మంచం పట్టె పట్టుకునే గడిచాయి. మూడో రోజు పొద్దున విజయ్ పాల్ వెల్లకిలా పడుకుని గురక పెట్టి నిద్రపోయాడు. చిన్నప్పుడు ఆ గురకకి కూడా తిట్టేదాన్ని అని రూతక్క చెప్పింది నాకు. ఆ పూట కుర్చీ దగ్గరగా లాక్కుని గంటసేపు ఆ గురక వింటూ కూర్చుందట. బరువు దిగింది, వాపు తగ్గింది. మందు మళ్ళీ మొదలుపెట్టారు. రౌండులో హారతి గారు తన వెంట వచ్చిన చిన్న డాక్టర్లకి రూతక్క నోటు పుస్తకం చూపించి, ఇలా రాయాలి అన్నారు. ఆశాజ్యోతి ఆ రోజు నుంచి సెలైను సీసా మార్చేటప్పుడు తనే చదివి వినిపించేది, అడక్కుండానే.

ఆ తర్వాత ఒడ్డు దగ్గరపడుతున్న సంగతి అంకెల్లోనే తెలిసింది. ప్లేట్‌లెట్లు ఎక్కించకపోయినా నిలబడ్డాయి. మచ్చలు నీలం నుంచి ఆకుపచ్చకీ, పసుపుకీ మారి మాసిపోయాయి. చిగుళ్ళు గట్టిపడ్డాయి. ఆకలేస్తోంది, చేపల పులుసు కావాలి అని గొడవ మొదలుపెట్టాడు. ముప్పై మూడో రోజున మళ్ళీ మూలుగు తీశారు. ఫలితం వచ్చిన ఉదయం హారతి గారు తలుపు తీస్తూనే నవ్వుతూ వచ్చారు. మూలుగులో కేన్సరు కణం ఒక్కటి కూడా కనబడలేదని చెప్పారు. రూతక్కకి వినబడింది కానీ మనసుకి అందలేదు. ఇంకొక్కసారి చెప్పండి డాక్టరుగారూ అంది. ఆవిడ మళ్ళీ చెప్పారు. మూడోసారి కూడా చెప్పించుకుంది. జబ్బు మళ్ళీ రాకుండా ఇంకో ఏడెనిమిది నెలలు మధ్యమధ్యలో ఆపుతూ ఇవే మందులు వాడాలని, ఆ తర్వాత ఇంకా నిశితమైన పరీక్ష చెయ్యాలని హారతి గారు చెబుతూంటే, ఎన్ని నెలలైనా వాడతాం అంది. ఆ గదిలోంచి బయటికి వచ్చి ప్రిస్కిల్లాకి ఫోన్ చేస్తే, ఆ పిల్ల హలో అనగానే, "అబద్ధం కాదమ్మాయ్, నా గొంతు గట్టిగానే ఉంది, విను" అని మొదలుపెట్టింది.

ఆగస్టు రెండో వారంలో ఇంటికి వచ్చారు. ఆ ఆదివారం రూతక్క చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. మాకు ఇన్ఫెక్షన్ అని చెప్పినందుకు ముందు క్షమాపణ అడిగింది. తర్వాత జబ్బు పేరు, మందు పేరు పూర్తిగా చెప్పింది. పాషాణం అనగానే వెనక వరసల్లోంచి గుసగుసలు వచ్చాయి. ఆమె ఆగి, కంగారుపడకండి, డాక్టర్లు చూసి ఇచ్చేది అది, మీరెవరూ ఇంట్లో ప్రయత్నించకండి అంది. పాస్టరుగారు కూడా నవ్వేశారు.

సెప్టెంబరు చివరలో ప్రిస్కిల్లాకి ఆడపిల్ల పుట్టింది. పేరు హారతి అని పెట్టాలని విజయ్ పాల్ పట్టుబట్టాడు. చర్చిలో ఆ పేరుకి ఒకరిద్దరు పెద్దలు ముఖం చిట్లించారు. రూతక్క వాళ్ళవైపు ఒకసారి చూసింది, అంతే. బాప్తిస్మం రిజిస్టరులో హారతి గ్రేస్ అని రాశారు. సంగతి తెలిసి హారతి గారు చిన్న వెండి గజ్జెలు పంపించారు.

మిగతా వైద్యం శీతాకాలమంతా, వేసవి దాకా సాగింది. నాలుగు వారాలు మందు, నాలుగు వారాలు విరామం. మందు వారాల్లో ఆసుపత్రి దగ్గర గది తీసుకుని సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంజెక్షన్లు చేయించుకునేవాడు. మొదటి రెండు విడతలకీ రూతక్క వెళ్ళింది. మూడోసారి సంచీ సర్దుతుంటే విజయ్ పాల్ ఆపాడు.

"అక్కా, నువ్వు షెడ్డుకి వెళ్ళు. ఈసారి నేనొక్కణ్ణే వెళ్తాను. పుస్తకం నాకివ్వు, నేనే రాసుకుంటాను. ఒంట్లో ఏం తేడా వచ్చినా ముందు నీకే ఫోన్ చేస్తాను."

ఆమెకి మనస్కరించలేదు. అయినా ఇచ్చింది. అతను మాట తప్పలేదు. ఒకసారి వేలికి ముల్లు గుచ్చుకుంటే కూడా ఫోన్ చేశాడట. విరామం వారాల్లో పంటు మీద తేలికపాటి పనులు చేసేవాడు. ఫిబ్రవరికి మళ్ళీ చుక్కాని పట్టాడు. నేను సఖినేటిపల్లిలో ట్రైనింగుకి వెళ్తూ ఆ పంటు ఎక్కాను. మనిషి కాస్త బరువెక్కాడు, రంగు తేలాడు. అచ్చిబాబు నా దగ్గర టిక్కెట్టుకి డబ్బులు తీసుకుంటూ, చూశారా టీచరుగారూ మా సరంగుని, ఒంట్లో సగం రక్తం మాదేనండి అన్నాడు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆఖరి పరీక్ష చేశారు. లక్ష కణాల్లో ఒక్కటి దాగున్నా పట్టుకునే పరీక్ష అది. ఫలితానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ రూతక్క షెడ్డులో ఎవరి లేసూ వెనక్కి పంపలేదని, అది ఆమె మనసు పనిలో లేదనడానికి గుర్తని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. పదకొండో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి రాజమండ్రి నుంచి విజయ్ పాల్ ఫోన్ చేశాడు. ఏమీ లేదంటక్కా, మొత్తం పోయిందంట, ఇంక మందులు ఆపెయ్యమన్నారు, మూడు నెలలకోసారి వచ్చి రక్తం చూపించుకుంటే చాలన్నారు అన్నాడు. ఆమె సరే, ఎండగా ఉంది, టోపీ పెట్టుకుని రా అని ఫోన్ పెట్టేసింది.

ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళకి విషయం చెప్పింది. వాళ్ళు లేచి ఆమెని పట్టుకున్నారు. కొందరు ఏడ్చారు. ఆమె ఏడవలేదు. కళ్ళు మండుతున్నాయి, కాసేపు ఇంటికి వెళ్తాను అని మేనేజరుకి చెప్పి బయటికి వచ్చింది. తమ్ముడి కోసం రేవుకి వెళ్ళిన ఆ రోజు తప్ప, ఇరవై రెండేళ్ళలో ఆమె పని మధ్యలో లేవడం అదే మొదటిసారి. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, కుట్టు మిషను దగ్గర ఉన్న భర్తతో రెండే మాటలు చెప్పింది. వాడికి పూర్తిగా తగ్గిపోయిందండి, నాకు నిద్రొస్తోంది. లోపల నేల మీద చాప పరుచుకుని పడుకుంది.

ఆ వార్త వీధిలో పాకి, మధ్యాహ్నమంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నేనూ బడి నుంచి వస్తూ ఆగాను. సుధాకర్ గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఒళ్ళో నీలం నిక్కరుకి చేత్తో కుట్లు వేస్తున్నాడు. మిషను చప్పుడైతే లేస్తుందని చేత్తోనే కుడుతున్నాడట. వచ్చిన ప్రతివాళ్ళకీ గొంతు తగ్గించి ఒకే మాట చెబుతున్నాడు.

"పడుకుందండి. రేపు రండి."

దీపాలు పెట్టే వేళకి కూడా ఆమె లేవలేదు, లోపలి నుంచి గురక వినబడుతూనే ఉంది. ఆయన లేపలేదు.